తాల్ ఛాపర్ దగ్గర ముళ్ల తోక బల్లి టూర్: గైడ్‌కి ఫుల్ మార్కులు, వాళ్లిచ్చిన బుక్‌లెట్‌కి సున్నా

ముందే చెప్పేస్తున్నా, ఈ టూర్ అందరికీ నచ్చేది కాదు. జీపెక్కి తిరిగి నాలుగు ఫొటోలు కొట్టుకుని రావాలనుకుంటే డబ్బులు దండగ, ఆ పనికి అక్కడే అభయారణ్యంలో కృష్ణజింకలు గుంపులు గుంపులుగా ఉన్నాయి, హాయిగా వాటిని చూసుకోండి. ఇది మాత్రం ఒక్క బల్లి కోసం గంటలు గంటలు ఎండలో నిలబడే టూర్. రాజస్థాన్‌లో దాన్ని సాండా అంటారు, మనం ముళ్ల తోక బల్లి అనుకుందాం, సైన్సు పేరు సారా హార్డ్‌విక్కీ. ఇండియాలో పెద్ద బల్లుల్లో దాదాపు పూర్తిగా ఆకులూ అలములూ తిని బతికేది ఇదొక్కటే, ఆ ఒక్క ముక్క విని నేను బుక్ చేసేశా.

కంపెనీ పేరు రాయట్లేదు, ఎందుకంటే కింద తిట్టేవి కూడా కొన్ని ఉన్నాయి. హాఫ్ డే ప్యాకేజీ, మనిషికి 2800, అందులో జీపు, గైడు, టిఫిను, ఒక కలర్ బుక్‌లెట్. తాల్ ఛాపర్ అంటే చురూ జిల్లాలో, జైపూర్ నుంచి ఓ 200 కిలోమీటర్ల పైన ఉంటుంది, థార్ ఎడారి అంచు. అభయారణ్యం చిన్నదే, 7 చదరపు కిలోమీటర్ల చిల్లర. ఎడారి అనగానే ఇసుక దిబ్బలు, ఒంటెలు ఊహించుకుని వచ్చినవాళ్లకి ఇక్కడ మైండ్ బ్లాంక్ అవుద్ది, ఎందుకంటే అంతా బల్లపరుపుగా ఉన్న చవిటి నేల, గడ్డి, అక్కడక్కడా జమ్మి చెట్లు, అంతే. మాతో వచ్చిన ఒకాయన అయితే జీపు దిగగానే ఎడారి ఎక్కడండీ అని అడిగాడు పాపం. నిజానికి ఈ బల్లికి కావాల్సింది సరిగ్గా ఇలాంటి నేలే, ఆ సంగతి తర్వాత చెప్తా.

ముందు బుక్‌లెట్ గురించి, ఎందుకంటే దాని మీద నాకు చాలా కోపం ఉంది. పేపర్ బాగుంది, ప్రింటింగ్ బాగుంది, లోపల సరుకే లేదు. మొదటి పేజీలోనే సాండా ఉడుము జాతికి చెందింది అని వేశారు. ఎక్కడి ఉడుము సార్? ఉడుము వరానిడే కుటుంబం, మాంసం తినేది, చీలిన నాలుక, పొడుగు మెడ. సాండా అగామిడే కుటుంబం, అంటే మన గోడల మీద, కంచెల మీద తల ఊపుతూ కూర్చునే తొండ ఉంది చూడండి, ఆ తొండకి చుట్టం. ఉడుముకి దీనికి సంబంధం ఏంటంటే ఉడుము ఛాన్స్ దొరికితే దీన్ని తినేస్తుంది, అంతవరకే. పళ్లు చూసినా తెలిసిపోతుందంట, అగామిడే వాటికి పళ్లు దవడ ఎముక అంచు మీద అతుక్కుని ఉంటాయి, ఊడితే మళ్లీ వచ్చే రకం కాదు. ఇవన్నీ బుక్‌లెట్‌లో ఉండాల్సినవి, చెప్పింది మాత్రం గైడ్. ఆయన ఆ ఊరి మనిషే, యాభై దాటి ఉంటాయి, బొరియలు లెక్కపెట్టడానికి వచ్చే స్టూడెంట్ల వెంట ఏళ్ల తరబడి తిరిగాడంట, బుక్‌లెట్ చూపిస్తే నవ్వేసి "అది ఆఫీసువాళ్లు చేయించారు సాబ్, నన్ను అడగలేదు" అన్నాడు.

రెండో పేజీ ఇంకా దారుణం. సైన్సు పేరు యూరోమాస్టిక్స్ హార్డ్‌విక్కీ అని వేశారు. తప్పు అనను గానీ పాతది, 2009 దాకా అదే పేరు. అసలు కథ బాగుంటుంది కాబట్టి కొంచెం సాగదీస్తా, ఓపిక లేనివాళ్లు కిందికి స్క్రోల్ చేసుకోండి. 1827లో బ్రిటిష్ మ్యూజియంకి చెందిన జాన్ ఎడ్వర్డ్ గ్రే దీన్ని వర్ణించి థామస్ హార్డ్‌విక్ పేరు పెట్టాడు. ఈ హార్డ్‌విక్ ఈస్ట్ ఇండియా కంపెనీ సైన్యంలో ఆఫీసరు, ఇక్కడి చిత్రకారుల చేత జంతువుల బొమ్మలు వేలల్లో గీయించుకున్నాడు. తర్వాత 1845లో అదే గ్రే సారా అని ఓ ప్రజాతి (అంటే దగ్గరి జాతులన్నీ కలిపిన గుంపు) పేరు పెట్టాడు గానీ ఆ పేరు నిలబడలేదు, అందరూ దీన్ని కూడా ఆఫ్రికా, అరేబియా ముళ్ల తోక బల్లులతో కలిపి యూరోమాస్టిక్స్ అనే ఒకే డబ్బాలో వేసేశారు. అలా నూట అరవై ఏళ్లకి పైన నడిచింది. 2009లో థామస్ విల్మ్స్, ఆయన సహచరులు జన్యువులూ శరీర లక్షణాలూ రెండూ పరిశీలించి, తూర్పు వైపు ఉన్న మూడు జాతులు వేరు, పడమటివి వేరు అని తేల్చి, గ్రే పెట్టిన పాత పేరునే బయటికి తీశారు. ఆ మూడు ఏంటంటే ఇరాక్, ఇరాన్‌లో ఉండే సారా లోరికాటా, ఇరాన్ నుంచి అఫ్ఘనిస్తాన్, పాకిస్తాన్ వరకు ఉండే సారా అస్ముస్సీ, మూడోది మన హార్డ్‌విక్కీ. అంటే సారా ప్రజాతి మొత్తంలో ఇండియా దాకా వచ్చింది ఇదొక్కటే. సారా, యూరోమాస్టిక్స్, ఈ రెండు ప్రజాతులనీ కలిపి యూరోమాస్టిసినే అనే ఉపకుటుంబం అంటారు. వీటికి దగ్గరి బంధువులుగా ఒకప్పుడు ఎవరిని లెక్కేసేవాళ్లనుకున్నారు, ఆగ్నేయాసియాలో ఉండే సీతాకోకచిలుక బల్లుల్ని, లియోలెపిస్ అంటారు. ఎండు ఎడారి ఎక్కడ, ఆ థాయ్‌లాండ్ ఇసుక నేలలెక్కడ.

సరే ఇదంతా పుస్తకాల గొడవ, కళ్లతో చూసి కనుక్కోగలమా అంటే కనుక్కోవచ్చు. ఇక్కడే గైడ్ నాకు భలే నచ్చాడు. ఆయన దగ్గర ఫోన్‌లో తను తీసిన తోక క్లోజప్ ఫొటో ఉంది, దాన్ని జూమ్ చేసి చూపించాడు. తోక మీద ముళ్ల పొలుసులు రింగులు రింగులుగా ఉంటాయి, మొక్కజొన్న పొత్తు మీద గింజలు వరసకట్టినట్టు. యూరోమాస్టిక్స్‌లో ఆ రింగులు చాలావరకు ఒకదాని వెనక ఒకటి ఆనుకుని వచ్చేస్తాయి. సారాలో అయితే రెండు ముళ్ల రింగుల మధ్యలో చిన్న చిన్న నున్నటి పొలుసుల వరసలు ఉంటాయి, ముళ్లు ఉండవు. అంతే తేడా, కానీ ఒకసారి చూశాక మళ్లీ మర్చిపోం. హార్డ్‌విక్కీకి ఇంకో గుర్తు వెనక కాలి తొడ ముందు వైపు పెద్ద నల్ల మచ్చ. ఈ రెండూ ఓ అరపేజీలో బొమ్మ వేసి పెడితే బుక్‌లెట్‌కి ఇచ్చిన డబ్బు గిట్టుబాటు అయ్యేది. దానికి బదులు ఆ పేజీలో వాళ్ల రిసార్టు స్విమ్మింగ్ పూల్ ఫొటో వేశారు.

ఇప్పుడు మ్యాపు. బుక్‌లెట్ మధ్యలో రెండు పేజీల మ్యాపు, పశ్చిమ రాజస్థాన్ మొత్తం, గుజరాత్ సగం, పాకిస్తాన్‌లో పెద్ద ముక్క, అంతా ఒకటే నారింజ రంగు పూసేశారు. ఆ మ్యాపు చూస్తే జైసల్మేర్‌లో ఎక్కడ దిగినా కాళ్ల కింద సాండాలే ఉంటాయనుకుంటాం. మోటుగా చూస్తే పరిధి కరెక్టే, పాకిస్తాన్‌లో సింధ్, పంజాబ్ (అందులోని చోలిస్తాన్ ఎడారితో సహా), మన వైపు జైసల్మేర్, బీకానేర్, బాడ్మేర్, జోధ్‌పూర్, చురూ, ఆ కింద గుజరాత్‌లో కచ్. థార్‌కి బయట తూర్పు రాజస్థాన్‌లో అల్వర్, సవాయ్ మాధోపూర్ జిల్లాల్లో కూడా విడి విడి గుంపులు ఉన్నట్టు రిపోర్టులున్నాయి. కానీ ఆ రంగు లోపల బల్లి నిజంగా ఉండే చోటు అతుకులు అతుకులుగా ఉంటుంది. గైడ్ చేసిన పనేంటంటే మమ్మల్ని ముందు ఒక ఇసుక దిబ్బ దగ్గరికి తీసుకెళ్లి ఇక్కడ వెతకండి అన్నాడు. ఏమీ లేదు. అక్కణ్ణుంచి రెండు మూడు కిలోమీటర్లు వెళ్లి గోచర భూమిలో దింపాడు, అంటే ఊరి పశువులు మేసే నేల, మడమతో కొడితే టక్ టక్ అనేంత గట్టి నేల, కొంచెం ఎత్తుగా ఉంది, అక్కడ ఎటు చూసినా బొరియలే.

కారణం సింపుల్. ఈ బల్లి బతుకంతా బొరియ మీదే ఆధారపడి ఉంది. మెలికలు తిరుగుతూ లోపలికి వెళ్లే సొరంగం, చివర గది, కొన్ని రెండు మీటర్లు దాటి పొడుగుంటాయి. జారే ఇసుకలో అలాంటిది తవ్వితే కూలిపోతుంది. మరీ పల్లంలో తవ్వితే వానాకాలం నీళ్లు నిండుతాయి. చెట్లు దట్టంగా ఉంటే ఎండ తగలదు, శత్రువు దూరం నుంచి కనపడడు. కాబట్టి గట్టి నేల, కొంచెం మెరక, పల్చటి గడ్డి, ఈ మూడూ కలిసిన చోటే కాలనీ. కాలనీ అన్నానని అందరూ కలిసి ఒకే ఇంట్లో ఉంటాయనుకోకండి, పక్క పక్కనే ఉన్నా ఎవరి బొరియ వాళ్లదే. ఆ లెక్కన మ్యాపులో నారింజ రంగుకి బదులు చుక్కలు పెట్టాలి, అవి కూడా ఏటేటా తగ్గే చుక్కలు. ఇందిరా గాంధీ కాలువ వచ్చాక నీళ్లు పారిన చోట మేత భూములు దున్ని పొలాలు చేశారు, ఇంకో పక్క సర్కారు తుమ్మ, వాళ్లు విలాయతీ బబూల్ అంటారు, అది కమ్మేసి ఖాళీ నేల లేకుండా చేస్తోంది. గైడ్ వేలు పెట్టి చూపించిన ఓ చోట తుమ్మ పొదల మధ్య పాత బొరియల నోళ్లు ఉన్నాయి, సాలెగూళ్లు పట్టి, లోపల ఎవరూ లేరు.

మ్యాపులో ఇంకో తమాషా. కింద దక్షిణాన కూడా రెండు చుక్కలు పెట్టారు, ఒకటి బెంగళూరు దగ్గర, ఒకటి అనంతపురం దగ్గర. నేను చూసి ఎగిరి గంతేశా, ఓహో ఇంటి దగ్గరే ఉన్నాయా అని. ఆ పక్కల కనపడ్డాయని చెప్తారు గానీ అవి మనుషులు తెచ్చి వదిలినవి అయ్యుండొచ్చు అనేది మామూలుగా చెప్పే మాట, సహజంగా అక్కడిదాకా వ్యాపించినవి కావు. అలాంటప్పుడు అదే రంగుతో, ఒక్క ఫుట్‌నోట్ కూడా లేకుండా చుక్క పెట్టడం ఏంటి? అది చూసి ఎవరైనా థార్ నుంచి అనంతపురం దాకా మధ్యలో కూడా ఉంటాయనుకుంటే తప్పు వాళ్లది కాదు కదా.

టైమింగ్ గురించి నా రెండో కంప్లయింట్. ఉదయం అయిదింటికి నిద్ర లేపారు. ఎందుకయ్యా అంటే పక్షుల టూర్లకి అదే టైము కాబట్టి దీనికీ అదే షెడ్యూల్ పెట్టేశారు. సాండా చల్లని రక్తపు జీవి, రాత్రి బొరియ నోటిని లోపల్నుంచి మట్టితో మూసేసుకుని పడుకుంటుంది, నేల వేడెక్కేదాకా తలుపు తియ్యదు. మేం వెళ్లింది మార్చిలో, చలికాలమంతా లోపల ముడుచుకుని పడుకున్నవి అప్పుడప్పుడే బయటికి వస్తున్న రోజులు, పొద్దున చలి వణికించేసింది. దాదాపు తొమ్మిదిన్నర దాకా మేం మట్టి గుంటల్ని చూస్తూ కూర్చున్నాం. గైడ్‌కి ఇది తెలుసు, ఆఫీసుకి చెప్పి చెప్పి విసిగిపోయానన్నాడు. మీరు వెళ్తే ఎనిమిది తర్వాతే బయల్దేరుతామని గట్టిగా చెప్పండి, వింటారు.

కానీ బయటికి వచ్చాక మాత్రం అప్పటిదాకా పడ్డ విసుగంతా పోయింది. మా ముందు ఓ ఇరవై అడుగుల దూరంలో బొరియ మూత కొంచెం పగిలింది. రెండు మట్టి గడ్డలు పక్కకి దొర్లాయి. మూతి బయటికి వచ్చింది, పొట్టిగా, గుండ్రంగా, తాబేలు మూతి లాగా. అలాగే ఉండిపోయింది చాలాసేపు. తర్వాత తల, భుజాలు, ఆగింది. మొత్తం ఒళ్లు బయటికి వచ్చేసరికి చూస్తే ముదురు బూడిద రంగు, దాదాపు నలుపు. తోక మాత్రం బొరియలోనే ఉంచుకుంది. ఎండకి అడ్డంగా తిరిగి, పొట్ట నేలకి ఆనించి, ఒళ్లు చపాతీలా వెడల్పు చేసుకుని పడుకుంది. టిఫిన్ తిని మళ్లీ చూసేసరికి అదే బల్లి ఇసుక రంగులోకి మారిపోయి ఉంది, నేను వేరే బల్లి అనుకున్నా. పొద్దున నల్లగా ఉంటే వేడి తొందరగా పట్టుకుంటుంది, ఒంటికి సరిపడా వేడెక్కాక రంగు తేలిక చేసుకుంటుంది. తర్వాత నాలుగు అడుగులు వేసి ఓ చిన్న మొక్క దగ్గరికి వెళ్లి తల పక్కకి వంచి ఆకు కొరికింది, నమిలింది, ఇంకోటి కొరికింది, అచ్చం మేకలాగే మేసిందనుకోండి. పెద్దవి ఆకులు, పూలు, గింజలు తింటాయి, పిల్లలు మాత్రం పురుగుల్ని బాగా తింటాయంట, వానాకాలంలో పెద్దవి కూడా పురుగు దొరికితే వదలవు.

ఇంతలో పైన ఓ డేగ నీడ పడింది. ఒక్క సెకనులో నేల మీద ఒక్కటి లేదు, అన్నీ లోపల. లగ్గర్ డేగకి ఇవి ఇష్టమైన తిండి, ఎడారి నక్క, అడవి పిల్లి, పాములు, బట్టమేక పక్షి కూడా వీటిని పట్టుకుంటాయి. అంటే ఈ గడ్డి తినే బల్లి గడ్డిని మాంసంగా మార్చి ఎడారిలో సగం వేటాడే జంతువులకి అందిస్తోందన్న మాట. తప్పించుకోవడానికి దాని దగ్గర ఉన్నది ఒకటి పరుగు, రెండు తోక. బొరియలోకి దూరి తోకని నోటికి అడ్డం పెట్టి అటూ ఇటూ కొడుతుంది. ఇంట్లో బల్లి లాగా తోక తెంపుకుని పారిపోయే రకం కాదు, తోక పోతే దానికి ఆయుధమే పోయినట్టు.

ఇంత బాగా నడుస్తుంటే జీపు డ్రైవర్ ఓ చెత్త పని చేయబోయాడు, మూడో కంప్లయింట్ అదే, అన్నిటికంటే పెద్దది. మాలో ఒకరు దగ్గరగా ఫొటో కావాలని గొణిగితే ఈయన వాటర్ క్యాన్ పట్టుకొచ్చి "బొరియలో పోస్తే బయటికి వచ్చేస్తుంది, చేతిలో పట్టుకుని తీసుకోండి" అన్నాడు. గైడ్ ఆ క్యాన్ లాక్కుని హిందీలో ఏవో నాలుగు తిట్టాడు, డ్రైవర్ మూతి ముడుచుకుని జీపులో కూర్చున్నాడు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జీవి ఇది, పట్టుకోవడం నేరం. వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది, ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ లెక్కలో హాని పొంచి ఉన్న జాతి. వేటగాళ్లు చేసేదీ సరిగ్గా ఇదే, నీళ్లో పొగో పెట్టి బయటికి రప్పించి, పారిపోకుండా నడుం విరిచేసి, బతికుండగానే అమ్ముతారు. దేనికి? కొవ్వు కాచి తీసే సాండా నూనె కోసం. కీళ్ల నొప్పులు పోతాయని, మగతనం పెరుగుతుందని సంతల్లో, రోడ్డు పక్కన అమ్మే సీసా అదే. కొవ్వు కాస్తే వచ్చేది కొవ్వే, దాంట్లో మందూ లేదు మహత్యమూ లేదు. అలాంటి చోట టూర్ కంపెనీ డ్రైవరే క్యాన్ పట్టుకుని వస్తే ఏమనాలి. కంపెనీకి మెయిల్ పెట్టా, సారీ అని రెండు లైన్ల రిప్లై వచ్చింది, ఏం చర్య తీసుకున్నారో రాయలేదు.

టిఫిన్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు, పరాఠా చల్లారిపోయింది, చాయ్ బాగుంది. బాత్రూం సౌకర్యం సున్నా, ఆడవాళ్లు ముందే చూసుకోవాలి. జీపులో బైనాక్యులర్ ఒక్కటే ఉంది, నలుగురు వంతులేసుకున్నాం, మీది మీరు తీసుకెళ్లండి. టోపీ, నీళ్లు తప్పనిసరి. కెమెరాకి లాంగ్ లెన్స్ లేకపోతే ఫొటో మీద ఆశలు వద్దు, ఎందుకంటే గైడ్ ఇరవై అడుగుల లోపలికి వెళ్లనివ్వడు, వెళ్లనివ్వకూడదు కూడా. నవంబరు నుంచి ఫిబ్రవరి మొదటి దాకా వెళ్లకండి, అవి లోపల పడుకుని ఉంటాయి, అయినా ఈ కంపెనీ డిసెంబరులో కూడా బుకింగ్ తీసుకుంటోంది, సైట్‌లో చూశా, అది మోసం కిందే లెక్క. మార్చి, ఏప్రిల్ బెస్ట్, జతకట్టే రోజులు కాబట్టి బయట ఎక్కువసేపు తిరుగుతాయి. మే, జూన్‌లో కూడా ఉంటాయి గానీ మధ్యాహ్నం ఎండకి మనమే మాడిపోతాం, అవి కూడా ఆ టైములో లోపలికి వెళ్లిపోతాయి.

రేటింగ్ విడి విడిగా ఇస్తా. గైడ్‌కి 5 కి 5. షెడ్యూల్‌కి 2. డ్రైవర్‌కి మైనస్ ఇచ్చే ఆప్షన్ లేదు కాబట్టి 0. బుక్‌లెట్‌కి కూడా 0, ఉడుము అన్నందుకు, మ్యాపుకి, స్విమ్మింగ్ పూల్‌కి కలిపి ఉన్న మార్కులన్నీ కోసేశా. మొత్తం మీద 3 అనుకోండి. బుక్ చేసేటప్పుడు బుక్‌లెట్ వద్దు, దానికి వేసిన 300 తగ్గించండి అని అడగండి, నా తర్వాత వెళ్లిన ఫ్రెండ్‌కి తగ్గించారు. అలాగే సాయంత్రం ఒంటె సవారీ కాంబో అని అంటగట్టడానికి చూస్తారు, దానికి ఒప్పుకుంటే మధ్యాహ్నం పన్నెండుకే గైడ్‌ని పంపించేస్తారు, ఒప్పుకోకండి.